మూడు సర్వర్ల మధ్య యూజ్‌నెట్: ప్రాజెక్టు డైరీ

కేంద్ర యంత్రమనేది లేకుండా చర్చా గ్రూపులు ఎలా నడుస్తాయో దగ్గరగా చూడటానికి మూడు చిన్న యంత్రాలపై యూజ్‌నెట్ (సర్వర్లు సందేశాలను ఒకదానికొకటి అందించుకుంటూ నడిపే చర్చా వేదిక) సర్వర్లను నిలబెట్టి, వాటిని ఒకదానితో ఒకటి కలిపిన పని వివరమిది. ఎవరైనా ఇదే పని చేయదలిస్తే ఎక్కడ ఆగిపోతారో, ఎందుకు ఆగిపోతారో ముందే తెలియాలన్నది ఉద్దేశం కనుక, సాఫీగా జరిగిన భాగాలను ఒకటి రెండు వాక్యాలతో వదిలేశాను. ఆదేశాలు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి; యంత్రంలో టైపు చేసేటప్పుడు అవన్నీ ఆంగ్ల అక్షరాల్లోనే ఉండాలి.

సామగ్రి

1. కృష్ణ: విజయవాడలోని పాత లాప్‌టాప్.
2. గోదావరి: రాజమహేంద్రవరంలో బంధువుల ఇంట్లో ఉంచిన రాస్ప్‌బెర్రీ పై 4.
3. పెన్న: అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వరు.

మూడింటిలోనూ డెబియన్ 12 అనే లినక్స్ రకం, దానితో వచ్చే ఐఎన్‌ఎన్ 2.7 వరుస యూజ్‌నెట్ సర్వరు సాఫ్ట్‌వేరు ఉన్నాయి. ఇళ్లలోని రెండు యంత్రాలకు బయటినుంచి నేరుగా చేరగలిగే ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) చిరునామా లేదు కాబట్టి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేరుతో టన్నెల్ (యంత్రాల మధ్య గుప్త దారి) వేసి పెన్నను మధ్యలో ఉంచాను. కొలతలకు ఐఎన్‌ఎన్ లాగ్ ఫైళ్లు, వాటి సారాంశం చూపే ఇన్‌రిపోర్ట్, యూజ్‌నెట్ సర్వర్లు మాట్లాడుకునే 119వ పోర్టులో చేత్తో ఆదేశాలు పంపడానికి టెల్‌నెట్ సరిపోయాయి.

లెక్కల్లో వాడే మాటలను ముందే నిర్ణయించుకోవాలి. ఒక సర్వరు తన దగ్గరికి కొత్తగా వచ్చిన సందేశం గుర్తును, అంటే మెసేజ్-ఐడీని, పక్క సర్వరుకు చెప్పి "ఇది కావాలా?" అని అడగడం ప్రతిపాదన. పక్క సర్వరు ఆ గుర్తు తన హిస్టరీ ఫైలులో (ఇదివరకు చూసిన గుర్తుల జాబితాలో) ఉందని చూసుకుని అవసరం లేదంటే అది వద్దన్నది. కావాలని చెప్పి, సందేశం మొత్తం వచ్చాక పరిశీలించి పారేస్తే అది తిప్పికొట్టినది. ఐఎన్‌ఎన్ లాగ్ ఈ రెండింటినీ విడివిడిగా లెక్కిస్తుంది. ఆ తేడాను గమనించకుండా లాగ్ చదివితే ఏమీ బోధపడదు. 50 బైట్ల మెసేజ్-ఐడీ ఉన్న సందేశాన్ని వద్దనడానికి, ప్రతిపాదనగా పంపే చెక్ ఆదేశానికి 58 బైట్లు, వద్దని చెప్పే 438 అనే జవాబుకు 56 బైట్లు, మొత్తం 114 బైట్లు ఖర్చవుతాయి. తిప్పికొట్టడానికి సందేశం మొత్తం ఖర్చవుతుంది.

దశ 1: లేని గ్రూపుకు పంపిన సందేశాలు

మొదట కృష్ణ, గోదావరి మాత్రమే కలిపాను. కృష్ణలో సీటీఎల్‌ఐఎన్‌ఎన్‌డీ అనే నిర్వహణ ఆదేశంతో తెలుగు.పరీక్ష అనే గ్రూపును సృష్టించి, స్క్రిప్టు ద్వారా 40 సందేశాలు రాయించాను. గోదావరిలో ఆ గ్రూపు ఇంకా లేదు. ఒక సర్వరులో పుట్టిన గ్రూపు మరొక సర్వరులో దానంతట అదే పుట్టదు. ఏయే గ్రూపులు ఉంచుకోవాలో ప్రతి సర్వరు యాక్టివ్ ఫైలులో తనకు తానే రాసుకుంటుంది. అందువల్ల 40 సందేశాలూ పూర్తిగా గోదావరికి చేరి, అక్కరలేని గ్రూపు అన్న కారణంతో వెనక్కి వచ్చాయి. ఇంతవరకు ఊహించినదే.

ఊహించనిది తరువాత జరిగింది. గోదావరిలో గ్రూపును సృష్టించి, ఇన్‌ఎక్స్‌మిట్ సాధనంతో అవే 40 సందేశాలను మళ్లీ పంపితే ఒక్కటీ చేరలేదు. ఈసారి అవి తిప్పికొట్టినవి కావు, వద్దన్నవి. ఇన్.కాన్ఫ్ ఫైలులోని రిమెంబర్‌ట్రాష్ అనే అమరిక సహజంగానే ఆన్‌లో ఉంటుంది. పారేసిన సందేశం గుర్తును కూడా హిస్టరీలో రాసిపెట్టుకొని, పక్క సర్వర్లు అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ మోసుకురాకుండా చూడటం దాని పని. పదుల సంఖ్యలో పొరుగు సర్వర్లున్నచోట ఇది చాలా తెలివైన ఏర్పాటు. కానీ గ్రూపు ఆలస్యంగా పుట్టినచోట ఆ సందేశాలకు తలుపు మూసుకుపోతుంది. ఎక్స్‌పైర్.సీటీఎల్ ఫైలులోని రిమెంబర్ వరుసలో ఉన్న గడువు, సాధారణంగా 11 రోజులు, తీరేదాకా అది తెరుచుకోదు.

మార్చినవి:

1. రిమెంబర్‌ట్రాష్‌ను ఆపలేదు. దాన్ని ఆపితే చెత్త సందేశం ప్రతి పొరుగు సర్వరు నుంచీ ఒకసారి పూర్తిగా దిగుతుంది.
2. గ్రూపుల జాబితాను ఒకే ఫైలులో ఉంచి, మూడు యంత్రాలలోనూ ముందు గ్రూపులు సృష్టించి, ఆ తరువాతే సర్వర్లను కలిపే స్క్రిప్టు రాశాను.
3. పాత 40 సందేశాలను వదిలి, కొత్త గుర్తులతో మరో 40 రాయించాను. అవన్నీ చేరాయి.

ఇప్పటివరకు మొత్తం: సందేశాలు 80, ప్రతిపాదనలు 120, చేరినవి 40, వద్దన్నవి 40, తిప్పికొట్టినవి 40.

దశ 2: పేరు ఒకటి, పిలుపు ఒకటి

పెన్నను కలిపాక మూడు యంత్రాలు త్రికోణంగా ఏర్పడ్డాయి. ఇలాంటి అమరికలో ఎన్ని ప్రతిపాదనలు ఉండాలో ముందే లెక్క కట్టవచ్చు. పెన్నలో రాసిన సందేశాన్ని అది కృష్ణకు, గోదావరికి ప్రతిపాదిస్తుంది. ఆ రెండూ తీసుకుని, ఒకదానికొకటి ప్రతిపాదించుకుని, ఒకదాన్నొకటి వద్దంటాయి. మొత్తం 4 ప్రతిపాదనలు, అందులో 2 చేరినవి, 2 వద్దన్నవి. పెన్న నుంచి నేరుగా వెళ్లేలోపే కృష్ణ మీదుగా గోదావరికి సందేశం చేరిపోతే 3 ప్రతిపాదనలతోనే పని ముగుస్తుంది. కాబట్టి 100 సందేశాలకు 300 నుంచి 400 మధ్య రావాలి.

వచ్చినవి 591. చేరినవి సరిగ్గా 200, వద్దన్నవి 391. సందేశం ఏదీ పోలేదు, రెండుసార్లు కనబడలేదు, చదివేవారికి ఏ లోపమూ తెలియదు. ఇలాంటి తప్పు లాగ్ లెక్క చూసేవారికి మాత్రమే దొరుకుతుంది.

కారణం పాత్ అనే హెడర్‌లో ఉంది. సందేశం ఏ సర్వరు మీదుగా వెళ్తే ఆ సర్వరు తన పేరును పాత్‌కు ముందువైపు చేర్చుతుంది. ప్రతిపాదించేముందు ప్రతి సర్వరూ, తన న్యూస్‌ఫీడ్స్ ఫైలులో రాసుకున్న పొరుగు పేరు పాత్‌లో ఇప్పటికే ఉందేమో చూసి, ఉంటే అడగకుండానే వదిలేస్తుంది. పెన్న తన సందేశాలపై చిన్న పేరు వేస్తుండగా, కృష్ణ, గోదావరిల న్యూస్‌ఫీడ్స్‌లో దాని పూర్తి డొమైన్ పేరు ఉంది. రెండు పేర్లు కలవకపోవడంతో పెన్న పంపిన సందేశాన్నే ఆ రెండూ తిరిగి పెన్నకు ప్రతిపాదించాయి. పెన్న ప్రతిసారీ హిస్టరీ చూసి వద్దంది. అంటే పాత్ అనే మొదటి కాపలా తప్పినా, హిస్టరీ అనే రెండో కాపలా నిలబడింది. ఈ వ్యవస్థను మొదట తలపెట్టినవారు 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్. అప్పట్లో యంత్రాలు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని సందేశాలు ఇచ్చిపుచ్చుకునేవి. వచ్చినదాన్నే మళ్లీ పంపడమంటే ఫోను బిల్లు పెరగడమే.

దిద్దిన పద్ధతి:

1. పెన్నలోని ఇన్.కాన్ఫ్‌లో పాత్‌హోస్ట్ విలువగా పూర్తి డొమైన్ పేరు రాయాలి.
2. అమరికలను పరీక్షించే ఇన్‌చెక్ నడిపి తప్పులు లేవని చూసుకోవాలి.
3. ఇన్.కాన్ఫ్ మార్పు రీలోడ్‌తో అమలుకాదు. సర్వరును ఆపి మళ్లీ నడపాలి.

మరో 100 సందేశాలకు ప్రతిపాదనలు 388, చేరినవి 200, వద్దన్నవి 188. అంటే 12 సందేశాలు చుట్టుదారిలో ముందుగా చేరాయన్నమాట. వద్దనడానికి ఖర్చయిన బైట్లు 44,574 నుంచి 21,432కు తగ్గాయి.

ఇప్పటివరకు మొత్తం: సందేశాలు 280, ప్రతిపాదనలు 1,099, చేరినవి 440, వద్దన్నవి 619, తిప్పికొట్టినవి 40.

ఇక్కడే ఇంకొకటి గమనించాలి. ఒకే సందేశానికి మూడు సర్వర్లలో మూడు వేర్వేరు వరుస సంఖ్యలు ఉంటాయి. వరుస సంఖ్య ఆ సర్వరు సొంతం. మెసేజ్-ఐడీ ఒక్కటే అందరికీ ఉమ్మడి. చదివే సాఫ్ట్‌వేరు వరుస సంఖ్యలను బట్టి చదివినవాటిని గుర్తుంచుకుంటుంది కాబట్టి, థండర్‌బర్డ్ అనే అలాంటి సాఫ్ట్‌వేరులో కృష్ణకు బదులు గోదావరిని ఎంచుకున్న వెంటనే చదివినవన్నీ చదవనివిగా కనిపిస్తాయి. దీన్ని దిద్దడానికి ప్రయత్నించడం వృథా.

దశ 3: గడియారం లేని యంత్రం

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్న దశ ఇది. గోదావరి 10 రోజులకు పైగా ఆగిపోయి, ఇంటర్నెట్ ఇంకా రాకముందే కరెంటు వచ్చి తిరిగి లేచింది. రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆగేముందు దాచుకున్న సమయం నుంచే అది మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఆ పరిస్థితిలో ఇంట్లోవాళ్లు 14 సందేశాలు రాశారు. ఒక్కొక్కటీ పాత తేదీ వేసుకుంది. తరువాత నెట్ వచ్చింది. టన్నెల్ ముందు లేచింది, గడియారం సరిపడటానికి మరికొన్ని నిమిషాలు పట్టింది.

ఫలితం రెండు దిక్కులా చెడింది. ఎన్ని రోజులు దాటిన సందేశాన్ని తీసుకోకూడదో చెప్పే, ఇన్.కాన్ఫ్‌లోని ఆర్ట్‌కటాఫ్ విలువ 10 రోజులు కనుక గోదావరి పంపిన 14 సందేశాలనూ కృష్ణ, పెన్న రెండూ పాతబడినవని తిప్పికొట్టాయి. ఇటు గోదావరి ఇంకా పాత సమయంలో ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో వచ్చిన 7 సందేశాలు, 24 గంటలకు మించి భవిష్యత్తు తేదీతో ఉన్నాయన్న కారణంతో తిప్పికొట్టబడ్డాయి. గడియారం సరిపడ్డాక వచ్చినవాటిలో 9 నిజంగానే 10 రోజులు దాటినవి కావడంతో అవీ పోయాయి. దశ 1లో చూసిన రిమెంబర్‌ట్రాష్ వల్ల, ఈ 16 సందేశాలనూ రెండో పొరుగు సర్వరు మళ్లీ ప్రతిపాదించినప్పుడు గోదావరి వినకుండానే వద్దంది.

పాత సందేశాలను తిప్పికొట్టే నియమం ఎందుకుందో అర్థమైతేనే దాన్ని ఎంతవరకు సడలించవచ్చో తెలుస్తుంది. హిస్టరీలో గుర్తులను శాశ్వతంగా దాచలేము. గడువు తీరిన గుర్తు చెరిగిపోయాక, ఎక్కడో మూలనున్న సర్వరు అదే సందేశాన్ని మళ్లీ తెస్తే అది కొత్తదిగా కనిపించి, మళ్లీ అన్ని సర్వర్లకూ పాకుతుంది. దాన్ని ఆపేది తేదీ ఒక్కటే. కాబట్టి తేదీ గడువు కంటే జ్ఞాపకం గడువు ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి. 10కి 11 అన్న జత అందుకే. ఆర్ట్‌కటాఫ్‌ను మాత్రమే 30కి పెంచి రిమెంబర్‌ను 11 దగ్గరే వదిలేస్తే, రద్దయిన లేదా గడువు తీరి తొలగిన సందేశాలు 12వ రోజు తరువాత తిరిగి లేచి వచ్చే వీలుంటుంది.

మార్చినవి:

1. గోదావరికి డీఎస్3231 గడియారం మాడ్యూల్‌ను ఐ2సీ పిన్నులకు తగిలించి, బూట్ ఫైలులో దాని వరుస చేర్చి, ఆగేముందు సమయాన్ని దాచే ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్‌ను తొలగించాను.
2. సమయం సరిపడే దాకా ఐఎన్‌ఎన్ మొదలుకాకుండా, ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఆధారపడే వరుస రాశాను.
3. మూడు యంత్రాలలోనూ ఆర్ట్‌కటాఫ్ 30, రిమెంబర్ 31 చేశాను.
4. పొరుగులకు సందేశాలు పంపే ఇన్‌ఫీడ్ ప్రోగ్రాము మళ్లీ కలవడానికి చేసే ప్రయత్నాల మధ్య విరామం 30 సెకన్లతో మొదలై ఒక గంట దాకా పెరుగుతుంది. గరిష్ఠాన్ని 300 సెకన్లకు దించాను. మూడు యంత్రాలున్నచోట ఎవరికీ భారం కాదు. పెద్ద సర్వర్లతో కలిసేవారు ఇలా చేయకూడదు.

పోయిన 16 సందేశాలను తిరిగి తెచ్చే ప్రయత్నం చేయలేదు. అవి కృష్ణలోనూ పెన్నలోనూ ఉన్నాయి, గోదావరిలో లేవు. యూజ్‌నెట్‌లో "గ్రూపు మొత్తం" అనేది ఎక్కడా ఉండదు. ఒక్కొక్క సర్వరు దగ్గర తన ప్రతి ఉంటుంది, ఆ ప్రతులు కొంచెం కొంచెం వేరుగా ఉంటాయి. ఇంట్లోవాళ్ల 14 సందేశాలను మాత్రం వాళ్ల చేతనే మళ్లీ రాయించాను.

ఇప్పటివరకు మొత్తం: సందేశాలు 354, ప్రతిపాదనలు 1,337, చేరినవి 544, వద్దన్నవి 709, తిప్పికొట్టినవి 84. మళ్లీ రాయించిన 14 ఈ లెక్కలో లేవు.

దశ 4: కాగితం మీది త్రికోణం

ఫైళ్లలో త్రికోణం ఉంది కానీ తీగల్లో లేదు. కృష్ణ నుంచి గోదావరికి వెళ్లే ప్రతి బైటూ వైర్‌గార్డ్ టన్నెల్‌లో పెన్న మీదుగానే పోతోంది. పెన్నను కావాలని ఆపి చూస్తే మిగిలిన రెండూ ఒకదానికొకటి కనబడలేదు. పొరుగులను పెంచుకున్నామని అనుకునేవారు ముందు చేయవలసిన పరీక్ష ఇదే. 2010 మే 20న డ్యూక్ విశ్వవిద్యాలయం తన యూజ్‌నెట్ సర్వరును ఆపేసినప్పుడు, పుట్టిన చోటే మూతపడినా మిగతా సర్వర్ల మధ్య సందేశాల రాకపోకలు ఆగలేదు. ఎందుకంటే వాటి మధ్య నిజమైన వేర్వేరు దారులున్నాయి.

ఇళ్లలోని రెండు కనెక్షన్లకూ ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్) చిరునామాలు ఉన్నాయి. రూటర్లలో 119వ పోర్టును ఎదుటి యంత్రానికి మాత్రమే తెరిచి, కృష్ణ–గోదావరి లంకెను నేరుగా ఐపీవీ6కు మార్చాను. కొత్త చిక్కు ఏమిటంటే చిరునామా అప్పుడప్పుడు మారుతుంది. మారే చిరునామాను వెంటాడే డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు వాడినా, ఐఎన్‌ఎన్ ఇన్‌కమింగ్.కాన్ఫ్‌లోని (సందేశాలు పంపనిచ్చే పొరుగుల జాబితాలోని) పేర్లను ఆ ఫైలు చదివినప్పుడే చిరునామాలుగా మార్చుకుంటుంది. చిరునామా మారిన పొరుగును అది గుర్తించక, ఎవరో పాఠకుడు వచ్చాడనుకుని, పాఠకులను చూసుకునే ఎన్‌ఎన్‌ఆర్‌పీడీ ప్రోగ్రాముకు అప్పగించింది. ఫీడ్ (సర్వర్ల మధ్య సందేశాల సరఫరా) ఆగింది. గంటకోసారి ఇన్‌కమింగ్.కాన్ఫ్‌ను రీలోడ్ చేసేలా, వేళకు పనులు నడిపే క్రాన్‌లో రాసిన వరుసతో సమస్య తీరింది. తరువాత పెన్నను ఆపినా మిగిలిన రెండింటి మధ్య రాకపోకలు సాగాయి.

దశ 5: తెలుగు బైట్లు

గ్రూపు పేరును తెలుగు లిపిలో పెట్టడం కుదరదు. ప్రమాణం ప్రకారం పేరులో చుక్కలతో విడిపడే ప్రతి భాగంలోనూ ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, కిందిగీత మాత్రమే ఉండాలి. వివరణ వాక్యం తెలుగులో ఉండవచ్చు, అంతే.

సందేశంలోని పాఠానికి ఆ ఇబ్బంది లేదు కానీ పరిమాణంలో తేడా పెద్దది. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం 3 బైట్లు. "స్త్రీ" చూడటానికి ఒకే అక్షరమైనా 6 సంకేతాలు, 18 బైట్లు. ఖాళీలు కలపకుండా 600 సంకేతాల పాఠాన్ని మూడు విధాలుగా పంపి కొలిచాను.

1. 8 బిట్ల నేరు రూపం: 1,800 బైట్లు.
2. బేస్64 (ప్రతి 3 బైట్లనూ 4 మామూలు గుర్తులుగా మార్చే పద్ధతి): వరుస ముగింపులతో కలిపి 2,464 బైట్లు.
3. కోటెడ్-ప్రింటబుల్: 5,613 బైట్లు.

మూడో రూపంలో ప్రతి బైటూ మూడు గుర్తులుగా మారుతుంది. ఫ్రెంచి, జర్మన్ వంటి భాషల్లో అక్కడక్కడా వచ్చే ప్రత్యేక అక్షరాలకు అది బాగుంటుంది, తెలుగుకు మాత్రం శుద్ధ దండుగ. ఇప్పటి సర్వర్లు 8 బిట్లను చెడగొట్టకుండా మోస్తాయి కాబట్టి మొదటి రూపాన్నే స్థిరపరిచాను. ఒక నియమం మాత్రం పాటించాలి. వరుసలో 998 బైట్లు మించకూడదు, అంటే సుమారు 332 తెలుగు సంకేతాలు. పేరా మొత్తాన్ని ఒకే వరుసగా పంపే సాఫ్ట్‌వేరులో వరుస విరుపును ఆన్ చేయాలి.

సబ్జెక్టు వరుస ఇంకా ఇరుకు. అక్కడ తెలుగును బేస్64 ముక్కలుగా పంపాలి. ఒక్కొక్క ముక్క 75 గుర్తులు మించరాదు, అందులో 12 గుర్తులు పై తొడుగుకే పోతాయి, మిగిలినవాటిలో 45 బైట్లు, అంటే 15 తెలుగు సంకేతాలు మాత్రమే పడతాయి. ముక్క సరిగ్గా సంకేతం చివర తెగాలి. బైట్ల లెక్కతో తెంచిన నా పరీక్ష స్క్రిప్టు వల్ల శీర్షికల్లో చతురస్రాలు కనిపించాయి. సంకేతాల లెక్కతో తెంచేలా మార్చాక పోయాయి.

1990లలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు గ్రూపులో రాసినవారు ఈ చిక్కులన్నీ తప్పించుకున్నారు, ఎందుకంటే వారు తెలుగును ఆంగ్ల అక్షరాల్లోనే రాశారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ అనే ఆ రాత పద్ధతికి 7 బిట్ల దారి చాలు. "తెలుగు" అన్న మాటకు అందులో 6 బైట్లు, ఇప్పుడు 18. మూడు రెట్ల బైట్లు పోసి సొంత లిపిని కొనుక్కోవడం నష్టమని నేననుకోను.

దశ 6: రద్దు ఆదేశం కాదు, విన్నపం

పంపిన సందేశాన్ని తొలగించాలంటే, దాన్ని పేర్కొంటూ క్యాన్సల్ అనే మరో సందేశం పంపాలి. అది కూడా మామూలు సందేశంలాగే అన్ని సర్వర్లకూ పాకుతుంది. పాటించాలా వద్దా అన్నది ఆయా సర్వర్ల ఇష్టం. ఎవరి సందేశాన్ని ఎవరైనా రద్దు చేయగల లోపం పాత రోజుల్లో చాలా గొడవలకు దారితీసింది. 2018లో ప్రమాణంగా వచ్చిన క్యాన్సల్-లాక్ దాన్ని సరిదిద్దింది. రాసిన సర్వరు సందేశంలో ఒక తాళాన్ని ఉంచుతుంది. దానికి సరిపోయే తాళంచెవి ఉన్న రద్దును మాత్రమే మిగతావి నమ్ముతాయి.

1. పెన్నలోని ఇన్-సీక్రెట్స్.కాన్ఫ్‌లో రహస్య పదం ఉంచాను.
2. కృష్ణ, పెన్నలలో డూక్యాన్సల్స్ విలువను తాళం తప్పనిసరి అన్నదిగా ఉంచాను.
3. గోదావరిలో పూర్తిగా ఆపాను.

పెన్నలో 10 సందేశాలు రాసి, పదింటికీ రద్దులు పంపాను. కృష్ణ, పెన్నలలో పదీ పోయాయి. గోదావరిలో పదీ అలాగే ఉన్నాయి. రద్దు సందేశాలు మాత్రం మూడింటికీ చేరాయి. దీన్ని సాంకేతిక లోపంగా చూడకూడదు. తన ప్రతి మీద తనకే అధికారమన్న ఏర్పాటుకు ఇది రెండో వైపు. ఇంట్లోవాళ్లకు రాయడం నేర్పేటప్పుడే ఈ సంగతి చెప్పాను.

ఇప్పటివరకు మొత్తం: సందేశాలు 374, ప్రతిపాదనలు 1,414, చేరినవి 584, వద్దన్నవి 746, తిప్పికొట్టినవి 84. దశ 4, 5లలోని పరీక్ష సందేశాలు ఈ లెక్కలో లేవు.

దశ 7: బయటి ఫీడ్

2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో సందేశాల మార్పిడిని ఆపేసింది. పాత సందేశాలు అక్కడ చదవవచ్చు, కొత్తవి అటు రావు, ఇటు పోవు. కాబట్టి సాక్.కల్చర్.ఇండియన్.తెలుగును తెచ్చుకోవాలంటే మరో సర్వరు నిర్వాహకుడితో మాట్లాడి పొరుగుగా చేరాలి. ఒప్పందం ఈమెయిల్‌తో సులభంగానే కుదిరింది. కలపడానికి ముందు మన సొంత గ్రూపుల సందేశాలు బయటికి పొక్కుతాయేమో పరీక్షించాలి.

నేరుగా బయటి సర్వరుతో ప్రయోగం చేయకుండా, న్యూస్‌ఫీడ్స్‌లో పంపవలసినవాటిని ఒక ఫైలులో రాసే ఉత్తుత్తి పొరుగును సృష్టించాను. వరుసలో మొదట "!*", తరువాత ఆ గ్రూపు పేరు ఉంచాను. అంటే ఆ ఒక్కటి తప్ప ఏదీ పోకూడదు. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు, తెలుగు.పరీక్ష రెండింటికీ కలిపి రాసిన సందేశం ఆ ఫైలులో కనిపించింది. ఆశ్చర్యార్థకం గుర్తు ఆ గ్రూపును లెక్కలోంచి తీసేస్తుందే తప్ప సందేశాన్ని ఆపదు. మరో గ్రూపు ద్వారా అర్హత ఉంటే సందేశం వెళ్లిపోతుంది, దాని హెడర్‌లో మన సొంత గ్రూపు పేరుతో సహా. వరుస చివర "@తెలుగు.*" చేర్చాక అదే రకం సందేశం ఫైలులోకి రాలేదు. "@" గుర్తు ఉన్న గ్రూపు ఒక్కటి తగిలినా సందేశం మొత్తం ఆగుతుంది.

ప్రస్తుతం ఈ వరుసతోనే పెన్న ఒక్కటే బయటి పొరుగుతో కలిసి ఉంది. కృష్ణకు కూడా వేరొక బయటి పొరుగును వెతుకుతున్నాను. అది దొరికేవరకు దశ 4లోని పరీక్షలో ఈ గ్రూపు నెగ్గదు.